ఉడత వీపు మీది గీతలు

"సొమ్మొకడిది సోకొకడిది" అన్న సామెత మనందరికీ తెలుసు. కానీ ఆ మాట మొట్టమొదట ఎవరన్నారో మాత్రం ఎవరికీ తెలీదు. ఒకరి సొమ్ముతో మరొకరు సోకు చేసుకోవటం చూసి ఒళ్ళు మండి, రెండే రెండు మాటల్లో కుండ బద్దలు కొట్టినట్టు చెప్పిన ఆ మహాతల్లి (మగవాడై వుండొచ్చు గాని, నాకెందుకో తల్లే అనిపిస్తుంది) తన పేరు మాత్రం మిగుల్చుకోలేకపోయింది. ఆవిడ సొమ్ముతో మనం ఇన్ని తరాలుగా సోకు చేసుకుంటూనే వున్నాం!

మన ఇళ్ళల్లో ఇలాంటివి కొల్లలు. చుక్కల ముగ్గులు, జోలపాటలు, ఆవకాయ పాళ్ళు, పసివాడికి కడుపునొప్పొస్తే రాసే వాముపసరు. ఇవన్నీ ఎవరో ఒకావిడ మొదట కనిపెట్టినవే. ఆవిడ పేరు రాసిపెట్టేందుకు కాగితమూ లేదు, రాయాలన్న ఆలోచనా ఎవరికీ రాలేదు. ఆ సంగతి అలా వుంచండి. ఇవాళ నేను చెప్పబోయేది, పేరు రాయటానికి చోటుండీ, కలం చేతిలో వుండీ, రాయాలా వద్దా అని మనుషులు తగువులు పడే ఒక లోకం గురించి. అది కంప్యూటర్ల లోకం. ఆ మాట వినగానే పేజీ తిప్పెయ్యకండి. అక్కడి తగువులు కూడా మన తోడికోడళ్ళ తగువుల్లాంటివే.

మనం డబ్బిచ్చి కొనుక్కునే ప్రోగ్రాములు చాలావరకు హోటలు సాంబారు లాంటివి. తిని రావచ్చు గాని, అందులో ఏం వేశారో అడిగితే చెప్పరు. ఇవి గాక ఓపెన్ సోర్స్ అని మరో రకం వుంది. అక్కడ తయారీ విధానమంతా అక్షరం అక్షరం బైట పెట్టేస్తారు. ఎవరైనా చదవొచ్చు, వాడుకోవచ్చు, తప్పుంటే దిద్దొచ్చు, దిద్దినదాన్ని మళ్ళీ వాళ్ళకే పంపొచ్చు. 1991లో ఫిన్లాండులో, హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు మొదలుపెట్టిన లైనక్స్ అలాంటిదే. మీ చేతిలో వున్నది ఆండ్రాయిడ్ ఫోనైతే, దాని అడుగున పనిచేస్తున్నది ఆ లైనక్సే. ఆ కుర్రాడు ఒక్కడూ కూర్చుని రాసింది కాదది. దేశదేశాల్లో వేలమంది తలా ఒక చెయ్యీ వేశారు. వాళ్ళలో కొందరికి వాళ్ళ కంపెనీలు జీతాలిస్తాయి. మరెందరో పిల్లల్ని పడుకోబెట్టాక, పగటి ఉద్యోగం అయ్యాక, కానీ ఆశించకుండా చేస్తారు.

అందరూ చేతులు పెడితే వంట పాడవదా అంటారేమో. పాడవకుండా ఒక పద్ధతుంది. ఒక్కో ప్రోగ్రాముకి బాగోగులు చూసుకునే పెద్దలుంటారు. మెయింటెయినర్లంటారు వాళ్ళని. ఎక్కడో వున్న మనిషి తప్పు కనిపెట్టి, దిద్ది, ఆ దిద్దుబాటు పంపిస్తే ఆ పెద్దలు చూసి, బాగుంటే కలుపుతారు. ఆ దిద్దుబాటుని వాళ్ళ భాషలో ప్యాచ్ అంటారు. అంటే మన అతుకే! చిరిగిన చీరకి వేసినట్టు, ప్రోగ్రాముకీ అతుకులు వేస్తారన్నమాట. ఏ అతుకు ఎప్పుడు పడిందో, ఎందుకు పడిందో రాసుకోవటానికి ఒక పద్దు పుస్తకముంటుంది. ఆ పుస్తకం కోసం 2005లో టోర్వాల్డ్సే గిట్ అనే ప్రోగ్రాము రాశాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కువమంది వాడుతున్నది అదే.

మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం గుర్తు తెచ్చుకోండి. ఒక మూల ఎవరో పెద్దాయన కూర్చుని, ఫలానా వారు నూటపదహార్లు, ఫలానా వారు వెండి గిన్నె, అని రాస్తూంటాడు. ఇచ్చినవారి పేరు వేరు, రాసుకున్న చెయ్యి వేరు. గిట్ పుస్తకంలోనూ సరిగ్గా అంతే. ప్రతి అతుక్కీ రెండు పేర్లకి చోటుంటుంది. రాసినవారెవరు అన్నది ఒకటి, పుస్తకంలోకి ఎక్కించినవారెవరు అన్నది మరొకటి. ఎవరో తెచ్చిన వెండి గిన్నె పక్కన ఆ రాసే పెద్దాయన తన పేరే రాసేసుకుంటే ఎలా వుంటుంది? కంప్యూటర్లలో అలా జరుగుతుందా అంటే, అప్పుడప్పుడు జరుగుతుంది.

మా ఆడపడుచు కూతురు ఉద్యోగం కోసం హైదరాబాదొచ్చి మా ఇంట్లోనే వుంటోంది. ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రాములో తెలుగు టైపు చేస్తుంటే, వరస చివర పడ్డ ఒత్తు అక్షరాన్ని వదిలేసి కిందకి జారిపోయేదట. మనమైతే విసుక్కుని వదిలేస్తాం. ఈ పిల్ల వదల్లేదు. మూడు శనాదివారాలు కూర్చుని, ఆ తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకుంది. దిద్దుబాటు చూస్తే అంతా కలిపి పదకొండు వరసలు. ఆ పదకొండు వరసల కోసం పిల్ల ఎన్నిసార్లు కాఫీ చల్లార్చుకుందో నాకు తెలుసు. పంపించింది. రెండు నెలలు ఉలుకూ లేదు పలుకూ లేదు. తర్వాత కొత్త ప్రతి వచ్చింది. ఒత్తు చక్కగా అక్షరాన్ని అంటిపెట్టుకుని కూర్చుంది. పద్దు పుస్తకంలో చూస్తే అవే పదకొండు వరసలు, రెండు మాటలు అటూ ఇటూ మార్చి, ఆ మెయింటెయినరు గారి పేరు మీద వున్నాయి. ఈ పిల్ల పేరు ఎక్కడా లేదు.

మర్యాదగా ఉత్తరం రాసింది. జవాబు వెంటనే వచ్చింది. వాడేవాళ్ళకి ఇబ్బంది తీరింది కదా, ఎవరి పేరుంటే ఏం, అన్నారట ఆయన.

పిల్ల ముఖం చిన్నబోవటం చూసి మా అత్తగారు దగ్గర కూర్చోబెట్టుకున్నారు. "పోనిద్దూ! గుళ్ళో దీపం పెట్టి, నూనె సీసా మీద పేరు రాసుకుంటావుటే? ఫలం ఆశించొద్దని కృష్ణుడంతటివాడు చెప్పలా?" అన్నారు.

"అమ్మమ్మా, నేను పేరు రాసుకోలేదు. దీపం వెలిగితే చాలనే అనుకున్నాను. కానీ ఆ దీపం తనే పెట్టానని ఆయన రాసుకున్నాడు" అంది అది.

మా అత్తగారు ఇంకేం అనలేదు. నాకు మాత్రం ఆ మాట చాలా రోజులు బుర్రలో తిరుగుతూ వుండిపోయింది. పేరు లేకపోవటం వేరు, పేరు మారిపోవటం వేరు. హుండీలో ఎవరో డబ్బులు వేసి, చెప్పకుండా వెళ్ళిపోతే అది గుప్తదానం. ఆ డబ్బు నేనే వేశానని మరొకరు చెప్పుకుంటే దాన్ని గుప్తదానం అనం కదా!

కృష్ణుడి మాట దగ్గరికే వద్దాం. ఫలం మీద ఆశ వదులుకోమని ఆయన చెప్పింది ఎవరికి? పని చేసే అర్జునుడికి. పక్కవాడి ఫలం జేబులో వేసుకోమని ఎవరికీ చెప్పలేదు. నిష్కామం అనేది చేసేవారు తమంతట తాము పట్టే వ్రతం. ఇంకొకరి చేత పట్టించే వ్రతం కాదు. అయినా మనం ఆడవాళ్ళం కదా, ఈ వ్రతం మనచేత పట్టించటం లోకానికి బాగా అలవాటు. "ఆవిడకి పేరుప్రతిష్ఠల మీద వ్యామోహం లేదండీ" అని మెచ్చుకుంటూనే, ఆవిడ చేసినదాన్ని ఇంకొకరి ఖాతాలో రాసేస్తారు. వ్యామోహం లేకపోవటం ఆవిడ గొప్పతనమే. ఆ గొప్పతనం చూసి ఖాతా మార్చెయ్యటం మనకి గొప్ప కాదు.

డబ్బు లేని చోట పేరుకి విలువేమిటని అడిగేవాళ్ళున్నారు. ఈ ప్రశ్న ఒకసారి అమెరికాలో కోర్టుకే ఎక్కింది, అదీ బొమ్మ రైళ్ళ వల్ల! రాబర్ట్ జేకబ్‌సన్ అని కాలిఫోర్నియాలో భౌతికశాస్త్రం చెప్పే ప్రొఫెసరుగారు. బొమ్మ రైళ్ళంటే ఆయనకి సరదా. తనలాంటి సరదా వున్నవాళ్ళతో కలిసి, ఆ రైళ్ళని కంప్యూటరుతో నడిపే ప్రోగ్రాము తయారుచేసి ఊరికే ఇచ్చారు. పెట్టిన షరతల్లా ఒకటే. వాడుకోండి, మార్చుకోండి, కానీ ఎవరు రాశారో ఆ పేర్లూ, మీరేం మార్చారో ఆ వివరమూ వుంచండి, అని. మరో కంపెనీ వాళ్ళు అందులోంచి కొన్ని భాగాలు తీసుకుని, పేర్లు తీసేసి తమ సరుకులో కలుపుకున్నారు. ఊరికే ఇచ్చినదానికి నష్టం ఎక్కడిదని వాదన. 2008లో అప్పీలు కోర్టు ఏమందంటే, డబ్బు తీసుకోనంత మాత్రాన విలువ లేదనుకోవద్దు, ఇలా పంచుకునేవాళ్ళకి గుర్తింపూ దానివల్ల కలిగే మేలూ నిజమైన లాభాలే, ఆ షరతు మీరితే హక్కు మీరినట్టే, అంది. 2010లో లక్ష డాలర్లిచ్చి రాజీపడేదాకా ఆ తగువు నడిచింది.

ఈ ఉచిత ప్రోగ్రాముల మీద రాసుకునే ఒప్పందాల్లో ఎమ్ఐటీ లైసెన్సు అని ఒకటుంది. దాదాపు అన్ని హక్కులూ ధారపోసేస్తుంది. అమ్ముకోవటానికి కూడా అడ్డు చెప్పదు. అడిగేదొక్కటే, రాసినవారి పేరున్న ఆ నాలుగు వరసలూ తీసెయ్యవద్దని. ఇల్లు ఉచితం, అద్దె లేదు, గోడలు కొట్టుకోండి, గదులు వేసుకోండి. వీధి గుమ్మం పక్కన కట్టినవారి పేరు పలక మాత్రం పీకకండి. ఇంతకంటే చౌక అద్దె ఎక్కడైనా వుందా?

పేరు పోవటం వల్ల నష్టం ఆ ఒక్క మనిషికేనా అంటే, కాదనే అనిపిస్తుంది నాకు. దానికో పాత కథ వుంది. ఓపెన్ సోర్స్ అన్న మాట పుట్టని రోజుల్లోది. 1946 ఫిబ్రవరిలో అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో ఎనియాక్ అనే బ్రహ్మాండమైన కంప్యూటరుని లోకానికి చూపించారు. గదినిండా యంత్రం. దానిచేత లెక్కలు చేయించే విధానమంతా కూర్చి పెట్టినవాళ్ళు ఆరుగురు అమ్మాయిలు. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. ఆ రోజు అందరూ నోరు తెరుచుకుని చూసిన లెక్క సిద్ధం చేసింది వాళ్ళలో ఇద్దరు బెట్టీలే. ఆ రాత్రి పెద్దలకి విందు జరిగింది. ఈ అమ్మాయిలని పిలవలేదు. ఫొటోల్లో వాళ్ళున్నారు, ఫొటోల కింద వాళ్ళ పేర్లు లేవు.

నలభై ఏళ్ళు గడిచాయి. 1980లలో కాథీ క్లైమన్ అనే విద్యార్థిని ఆ ఫొటోలు చూసి, యంత్రం పక్కన నిలబడ్డ ఈ ఆడవాళ్ళెవరని ఆరా తీసింది. ఫ్రిజ్జుల ప్రకటనల్లో అందం కోసం నిలబెట్టే అమ్మాయిల్లాంటివాళ్ళే లెమ్మన్నారు! ఆవిడ ఊరుకోలేదు గనక అసలు సంగతి బైటపడింది. 1997లో ఆ ఆరుగురికీ సన్మానం జరిగింది. నాకు బాధ కలిగించేది వాళ్ళకి విందు తప్పిపోవటం కాదు. మధ్యలో నలభై ఏళ్ళపాటు ఎందరు ఆడపిల్లలు "ఇది మగవాళ్ళ పని" అన్న మాట విని నమ్మి వుంటారు! రెండు వరసలు సరిగ్గా రాసి వుంటే ఆ అబద్ధం పుట్టేదే కాదు. అందుకే పేరు చెప్పటమంటే పొగడటం కాదు, చరిత్ర నిజంగా రాయటం అంటాను. పొగడ్త ఇష్టమైతే ఇస్తాం, లేకపోతే మానుకుంటాం. నిజం అలా మానుకునేది కాదు కదా.

పేరు కోరుకోవటం అహంకారమేమో అన్న అనుమానం మాత్రం మన పెంపకంలోనే వుంది. కోరుకునేవాళ్ళు కొందరు తమాషాగా కూడా కోరుకుంటారు. అటారీ అనే వీడియో ఆటల కంపెనీ ఒకప్పుడు ఆట తయారుచేసినవారి పేరు వేసేది కాదు. వారెన్ రాబినెట్ అనే ఆయన అడ్వెంచర్ అనే ఆటలో ఎవరికీ చెప్పకుండా ఒక రహస్యపు గది కట్టి, అందులో తన పేరు పెట్టేశాడు. ఆడుకునే పిల్లలు ఆ గది కనిపెట్టేదాకా కంపెనీకే తెలీదు. గుడి కట్టిన శిల్పి ఏ స్తంభం వెనకో తన గుర్తు చెక్కుకున్నట్టే వుంది కదూ. ఈ చేతులు పని చేశాయని చెప్పుకోవాలన్న చిన్న కోరిక. దాన్ని అహంకారం అనటానికి నాకు నోరు రావటం లేదు.

సరే, పేరు చెప్పాలి. ఎవరెవరి పేరు? అసలు చిక్కంతా ఇక్కడే. వంటలో గరిటె తిప్పినవారు ఒక్కరేనా? కూరలు తరిగినవారు, ఉప్పు చాలలేదని రుచి చూసి చెప్పినవారు, మాడు వాసనొస్తోందని హాల్లోంచి కేకేసినవారు? లైనక్సు వాళ్ళు ఈ విషయంలో మహా పట్టింపుగల మనుషులు. అతుకు కింద ఒక్కొక్కరికీ ఒక్కో వరస రాస్తారు. తప్పుందని చెప్పిందెవరు, ఇలా చేస్తే బాగుంటుందని ఆలోచన ఇచ్చిందెవరు, పరీక్షించి చూసిందెవరు, చదివి సరేనన్నదెవరు, కలిసి రాసిందెవరు. తప్పు చూపించినవారి పేరు రాస్తే వాళ్ళు మళ్ళీ సాయం చెయ్యటానికి ఉత్సాహపడతారని వాళ్ళ నియమాల్లోనే రాసుకున్నారు. మాడు వాసన పసిగట్టినవారికీ పద్దులో చోటుందన్నమాట!

డొనాల్డ్ క్నూత్ అని, పుస్తకాలు అందంగా అచ్చువెయ్యటానికి టెక్ అనే ప్రోగ్రాము రాసి లోకానికి ఉచితంగా ఇచ్చిన పెద్దాయన ఒకరున్నారు. తన పుస్తకాల్లో తప్పు మొదట చూపించినవారికి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు రాసిచ్చేవారు. ఆ చెక్కు బ్యాంకులో మార్చుకున్నవాళ్ళు తక్కువ, ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకున్నవాళ్ళు ఎక్కువ. 2008 నించి అసలు చెక్కులు మానేసి, లేని బ్యాంకు పేరు మీద సర్టిఫికెట్లిస్తున్నారు. అయినా ఎవరికీ మోజు తగ్గలేదు. తప్పు చూపిస్తే ముఖం మాడ్చుకునే పెద్దలున్న లోకంలో, "నా తప్పు మీరు చూపించారు" అని సంతకం పెట్టివ్వటం ఎంత పెద్ద మనసు!

ఇంకో మెలిక వుంది. పేరు చెప్పటం మంచిదే గదా అని అడక్కుండా ఎవరి పేరు పడితే వారి పేరు రాసెయ్యకూడదు. పేరుతో బాటు పూచీ కూడా వస్తుంది. "ఆవిడ చూసి బాగుందన్నారు" అని నేను రాస్తే, రేపు అది బాగా లేకపోతే మాట పడేది ఆవిడ. అందుకే చూశారనీ, పరీక్షించారనీ రాయాలంటే వాళ్ళ అనుమతి వుండాలంటారు లైనక్సువాళ్ళు. 2003లో ఒక కంపెనీ తమ సొత్తు లైనక్సులో కలిసిందని వ్యాజ్యం వేశాక, 2004లో మరో నియమం తెచ్చారు. అతుకు పంపేవారు, ఇది పంపే హక్కు నాకుందని కింద చేవ్రాలు చెయ్యాలి. అక్కడ పేరంటే అలంకారం కాదు, హామీ. ఇక కొందరికి పేరు బైటపడటమే ఇష్టం వుండదు. వాళ్ళ ఆఫీసులో ఒప్పుకోకపోవచ్చు, వాళ్ళ కారణాలు వాళ్ళకుండొచ్చు. అడిగి, వద్దంటే మానెయ్యటం మర్యాద. అడక్కుండానే "వాళ్ళకి అక్కర్లేదులెండి" అనుకోవటం మర్యాద కాదు.

నిజంగా తల బద్దలు కొట్టుకోవాల్సిన సందర్భాలూ వున్నాయి. కొత్తగా చేరిన పిల్లవాడు ఒక అతుకు పంపాడనుకోండి. తప్పు ఎక్కడుందో సరిగ్గా పట్టాడు గాని, దిద్దిన తీరు బాగాలేదు. మెయింటెయినరు మొత్తం విప్పేసి మళ్ళీ కుట్టింది. ఇప్పుడిది ఎవరి అతుకు? ఒక్క పోగు కూడా కుర్రాడిది కాదు, కాబట్టి తన పేరే రాయాలి అంటారు కొందరు. వాడు చూపించకపోతే ఆ చిరుగే కనబడేది కాదుగా, వాడి పేరే రాయాలంటారు ఇంకొందరు. నాకు తోచేదేమిటంటే, ఆవిడ తన పేరు రాసుకోవటం తప్పు కాదు, ఆ పని ఆవిడ చేసింది. కానీ కింద ఒక వరస, ఫలానావారు మొదట పంపినదాన్ని బట్టి రాశానని చెప్పొచ్చు. ఇద్దరూ కలిసి రాశారని చెప్పటానికీ గిట్‌లో పద్ధతుంది. ఏం జరిగిందో అదే రాస్తే న్యాయం తేలిపోతుంది. ఇద్దరిలో ఒకరినే ఎంచాలనుకున్నప్పుడే చిక్కు.

ఒకరి పేరు పోవటానికి ప్రతిసారీ దురాశే కారణం కాదు సుమండీ. చాలాసార్లు తొందరే. పదిమంది పంపిన చిన్న చిన్న అతుకులన్నీ కలిపి ఒకే పెద్ద అతుకుగా ఎక్కించేటప్పుడు, జాగ్రత్తపడకపోతే తొమ్మిది పేర్లు జారిపోతాయి. పనివత్తిడిలో వున్న మెయింటెయినర్లు కూడా పాపం జీతం లేని మనుషులే ఎక్కువ. వాళ్ళని ఒక్కమాట అనేముందు మనం వాళ్ళ చాకిరీ తల్చుకోవాలి. కానీ తొందరలో జారిపోయినది చూపిస్తే "అయ్యో" అనటానికీ, "ఎవరి పేరుంటే ఏం" అనటానికీ మధ్య ఆకాశానికీ భూమికీ వున్నంత దూరముంది.

పేరు పిచ్చి ముదిరితే ఏమవుతుందో కూడా చెప్పాలి, లేకపోతే తక్కెడ ఒకవైపే మొగ్గుతుంది. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ళు తమ ఉచిత ప్రోగ్రాములకి ఒక షరతు పెట్టారు. ప్రకటన ఇచ్చేటప్పుడు మా పేరూ చెప్పండి, అని. బాగానే వుంది. అది చూసి మిగతావాళ్ళూ తలా ఒకరు తమ పేరుతో అదే షరతు పెట్టారు. 1997లో ఒక్క ప్రోగ్రాముల సంపుటిలో ఇలాంటి వాక్యాలు 75 లెక్కపెట్టాడు రిచర్డ్ స్టాల్‌మన్. చిన్న ప్రకటనకి 75 వాక్యాల తోక! శుభలేఖలో బంధువుల పేర్లన్నీ వేసి, ముహూర్తానికి చోటు లేకుండా చేసినట్టు. 1999లో విశ్వవిద్యాలయం ఆ షరతు తీసేసింది. ఇంకా దగ్గరి ముచ్చట. హాక్టోబర్‌ఫెస్ట్ అని, ప్రతి అక్టోబరులోనూ ఓపెన్ సోర్స్‌కి సాయం చేసినవారిని ప్రోత్సహించే సంబరం. అప్పట్లో కొన్ని దిద్దుబాట్లు పంపితే టీ షర్టు బహుమతిగా ఇచ్చేవారు. 2020లో ఆ చొక్కా కోసం, వున్న వాక్యానికి ఒక విశేషణం తగిలించి అదే గొప్ప సాయమన్నట్టు కుప్పలు తెప్పలుగా పంపారు. మెయింటెయినర్లు గగ్గోలు పెడితే, ఇష్టపడి ఒప్పుకున్నవారికే పంపాలని నియమం మార్చారు. పని కోసం పేరు రావాలి గాని, పేరు కోసం పని పుట్టించకూడదు.

ఇంత రభసలోనూ నా మనసుకి నచ్చిన ముచ్చట ఒకటుంది. గ్నోమ్ అనే ప్రోగ్రాముల సముదాయాన్ని ఎన్నో భాషల్లోకి మార్చారు, తెలుగులోకి కూడా. తెర మీద కనబడే ఒక్కో మాటా ఎవరో కూర్చుని తెలుగు చేసిందే. అనువాదం చెయ్యటానికి వాళ్ళకిచ్చే మాటల జాబితాలోనే, "అనువాదకుల పేర్లు" అని అర్థం వచ్చే మాట ఒకటి పెడతారు. దాన్ని అనువదించకూడదు. దానికి బదులు తమ పేర్లు రాసుకోవాలి! అడగక్కర్లేదు, మొహమాటపడక్కర్లేదు. పీట వేసి, విస్తరి వేసి, ఇది మీ చోటు అని చూపించినట్టు. ఆ ప్రోగ్రాము వివరాలు తెరిచి చూస్తే, తెలుగు చేసినవాళ్ళ పేర్లు కనబడతాయి. పేరు చెప్పటం ఇలా పద్ధతిలోనే భాగమైపోతే, ఇచ్చేవారికి దర్పముండదు, పుచ్చుకునేవారికి సిగ్గుండదు.

రాముడు వారధి కట్టించేటప్పుడు ఉడత చేసిన సాయం మీ పిల్లలకి చెప్పే వుంటారు. కొండలు మోసే వానరుల మధ్య అది నీళ్ళలో మునిగి, ఇసకలో పొర్లి, ఆ ఇసక వారధి మీద దులిపేదట. ఈ కథ వాల్మీకంలో లేదు. మన తెలుగులో రంగనాథ రామాయణంలో వుంది. తమాషా ఏమిటంటే ఆ రామాయణం పేరు రంగనాథ, రాసింది గోన బుద్ధారెడ్డి అంటారు, ఆయనేమో తన తండ్రి విఠ్ఠలుడి పేరు మీద చెప్పాడంటారు. కర్త ఎవరన్నదాని మీద పండితులు ఎంతో వాదించుకున్నారు. కొడుకు తండ్రికిచ్చిన పేరది. అలాంటి వాదన చదవటానికి కూడా ఇంపుగానే వుంటుంది.

ఉడత సంగతి చూడండి. అది పేరు అడగలేదు. అడిగే జాతి కాదు. రాముడు కూడా "వారధి పూర్తయింది కదా, ఇసక ఎవరు తెస్తే ఏం" అని అనొచ్చు. సీత కోసం వెళ్ళే తొందరలో వున్న మనిషి, అన్నా ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆగి, చేతిలోకి తీసుకుని, వీపు నిమిరాడు. ఆ మూడు గీతలూ ఈనాటికీ మన పెరట్లో జామచెట్టు మీద పరుగులు తీస్తూనే వున్నాయి. నలుడు కట్టిన వారధిలో ఉడత తెచ్చిన ఇసక ఎంత అని ఎవరూ తూకం వెయ్యలేదు. గీతలకి తూకంతో పని లేదు.

మా మేనకోడలు ఆ ప్రోగ్రాముకి మళ్ళీ ఏమీ పంపలేదు. అక్కడి ఒత్తులు కుదురుగా వున్నాయి గాని, వాళ్ళొక మనిషిని పోగొట్టుకున్నారు. ఇప్పుడు మరోచోట, ఇతరులు పంపినవి చూసి సరిచేసే పని చేస్తోంది. తప్పుందని ఒక్క వరస ఉత్తరం ముక్క రాసినవారి పేరు కూడా వెతికి మరీ రాస్తుందట. దానికి అరనిమిషం పడుతుందట, అంతే.

వద్దనే హక్కు చేసినవారిది. చెప్పాల్సిన బాధ్యత పుచ్చుకున్నవారిది. ఈ రెంటినీ తారుమారు చెయ్యనంతవరకు పేరు గురించి పెద్ద వేదాంతమేం అక్కర్లేదు. ఈసారి ఎవరైనా మీ పులిహోర మెచ్చుకుంటే, ఇంగువ ఎప్పుడు వెయ్యాలో నేర్పినావిడని ఒక్కసారి తల్చుకుని చూడండి. పులిహోర రుచి ఏమీ తగ్గదు.